డర్టీ రైసూ, రిలీజు కాగితమూ

మొన్న శుక్రవారం మధ్యాహ్నం డ్యూటీ లేక, నిజ్వాలో మా నర్సుల క్వార్టర్సులో అలా నడుం వాల్చానో లేదో, వంటింట్లోంచి తణుకు పిల్ల కేకేసింది. "ఆంటీగారండీ, ఈ ప్యాకెట్టు బియ్యం కడగాలాండీ, ఇలాగే పోసెయ్యొచ్చాండీ?" ఆ పిల్ల మా వార్డులో చేరి మూడు నెలలు కాలేదు, వంటంటే గుడ్డు ఉడకబెట్టడమే అనుకునే ఈ కాలపు పిల్ల, ఫోనులో ఎవరో వండుతుంటే చూసి సూపర్‌మార్కెట్టు నుంచి ఒక అట్టపెట్టె పట్టుకొచ్చింది. లేచి వెళ్ళి చూద్దును కదా, గట్టు మీద ఆ పెట్టె, పెట్టె మీద అన్నం బొమ్మ, బొమ్మ పైన పెద్దక్షరాలతో కేజన్ డర్టీ రైస్ అని! "కడక్కే తల్లీ, చచ్చినా కడక్కు!" అని నేను అరిచిన అరుపుకి పాపం దాని చేతిలో గిన్నె జారిపోయింది. ఆ వెంటనే నాకు నవ్వొచ్చింది, నవ్వుతూ ఉండగానే కళ్ళమ్మట నీళ్ళూ వచ్చాయి, ఆంటీకి ఏదో అయిపోయిందని అది బీపీ మిషను కోసం పరిగెత్తింది. దానికి ఏమీ చెప్పలేదు. చెప్పినా దానికి అర్థం కాదు. రిలీజు అనే మాట వింటే ఇప్పటికీ అరికాళ్ళు చల్లబడే మన తరం గల్ఫు వాళ్ళకైతే అర్థమవుతుంది, అందుకే మీకు చెబుతున్నాను.

నేను ఒమన్‌లో దిగి ఇరవై ఏళ్ళు దాటింది. అప్పటికి నాకు ముప్ఫై ఒకటి. పెళ్ళి కాలేదు, కాలేదన్న బెంగా లేదు, ఎందుకంటే గోదావరి ఒడ్డున మిషనాసుపత్రిలో ట్రైనింగై అక్కడే ఏడేళ్ళు పనిచేసిన నర్సుని నేను, ఆ తెల్ల యూనిఫామే నాకు మొగుడూ పిల్లలూ అనుకునేదాన్ని. చంటిపిల్లకి సూది వెయ్యాలంటే తల్లులు నా చెయ్యే కావాలనేవారు, అంత పొగరుండేది నాకు. ఆ ఆసుపత్రి వెనకబడిపోయి వార్డులు ఒక్కొక్కటే మూసేస్తుంటే, రాజమండ్రిలో ఒక ఏజెంటు మస్కట్‌లో ఆసుపత్రి ఉద్యోగమన్నాడు, నమ్మాను. దేవుడు నాకు ద్వారం తెరిచాడని చర్చిలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను. రెండు జతల తెల్లబూట్లు కొనుక్కున్నాను.

మస్కట్ ఎయిర్‌పోర్టు బయట నా పేరు రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడ్డది ఒక జగిత్యాల డ్రైవరు. నలభై దాటిన మనిషి. నేను తెలుగుదాన్నని తెలియగానే చెల్లె అన్నాడు, నేను అన్నయ్యా అన్నాను, ఆ వరస అలాగే ఉండిపోయింది. కారెక్కాక మాటల్లో ఏ ఆసుపత్రికి తీసుకెళ్తున్నారన్నయ్యా అని అడిగితే, ఆయన బండి పక్కకి ఆపి, నా చేతిలో వీసా కాగితం తీసుకుని, అరబ్బీ అక్షరాల మీద వేలు పెట్టి తల అడ్డంగా ఆడించాడు. "చెల్లె, గిది దవాఖాన వీసా కాదే. ఇంటిపని వీసా. నేను తీస్కపోయేది మా సార్ ఇంటికి. నీకు ఎవ్వలు చెప్పలేదా?" ఓరి దేవుడా! ఎవ్వరూ చెప్పలేదు. తెల్లబూట్లు పెట్టెలో ఉన్నాయి, పెట్టె డిక్కీలో ఉంది, నేను వెనక సీట్లో కూర్చుని రోడ్డు పక్క ఖర్జూరం చెట్లు చూస్తూ ఏడవడం కూడా మర్చిపోయాను.

ఆ ఇల్లు మస్కట్‌లోనే అజైబాలో, సముద్రం వైపు వీధిలో, ఎత్తయిన ప్రహరీ ఉన్న తెల్ల విల్లా. సారుది అమెరికాలో లూసియానా అనే ప్రాంతం, ఇక్కడ ఆయిలు కంపెనీలో ఇంజనీరు. మేడమ్‌దీ ఆ పక్క ఊరే. పిల్లలు లేరు. వాళ్ళు వంటమనిషి కావాలని ఇక్కడ ఒక ఆఫీసుకి చెప్పారు, ఆ ఆఫీసు రాజమండ్రి ఏజెంటుకి చెప్పింది, మధ్యలో నేను దొరికాను, అంతే. ఇందులో ఆ దంపతుల తప్పేమీ లేదు. నేను నర్సునని వచ్చీరాని ఇంగ్లీషులో ఏడుస్తూ చెబితే మేడమ్ నన్ను కౌగిలించుకుని అయ్యో పాపం అంది. ఆ నోటితోనే, ఎంత అదృష్టం, ఇంట్లోనే ఒక నర్సు ఉంటుంది అని కూడా అంది. సారు నా పాస్‌పోర్టు తీసుకుని, ఇంట్లో ఉంటే ఎక్కడైనా పోతుంది, ఆఫీసు బీరువాలో భద్రంగా ఉంటుందన్నారు.

వాళ్ళు చెడ్డవాళ్ళయి ఉంటే నా కథ వేరేగా ఉండేది. కొట్టి తిట్టి తిండి పెట్టని ఇళ్ళలో పడ్డ ఆడవాళ్ళు గోడ దూకి ఎంబసీకి పరిగెత్తిన కథలు మనం ఎన్ని వినలేదు! నాకేమో దూకడానికి కారణం లేదు. సొంత గది, గదికి ఏసీ, నెల తిరగ్గానే జీతం, క్రిస్‌మస్‌కి కొత్త గౌను, పైగా నువ్వు మా ఇంటి మనిషివి అని రోజుకి నాలుగుసార్లు. ఇంటి మనిషి ఇల్లు వదిలి ఎక్కడికి పోతుంది చెప్పండి? ఊరికి ఫోను చేసి ఇక్కడ నాకు ఊపిరాడటం లేదంటే, కూర్చోబెట్టి గౌన్లు కొనిస్తుంటే ఊపిరాడక పోవడమేమిటే, నీకు కొవ్వెక్కింది అన్నారు మా వాళ్ళు.

వచ్చిన రెండో వారమనుకుంటాను, మేడమ్ అలమరలోంచి ఒక అట్టపెట్టె తీసి గట్టు మీద పెట్టింది. ఇది మా ఊరి కేజన్ వంట, చాలా తేలిక, పెట్టె వెనక రాసినట్టు చేస్తే చాలు, ఫ్రిజ్‌లో కోడి కార్జం ఉంది, అదీ వెయ్యి, మా అమ్మ అలాగే వేసేది అని చెప్పి, తలనొప్పిగా ఉందని మేడ మీద గదిలోకి వెళ్ళిపోయింది. పెట్టె అటూ ఇటూ తిప్పి చూశాను. డర్టీ రైస్. ఏడేళ్ళు వార్డులో చేసిన మనిషికి డర్టీ అంటే ఒకటే అర్థం. డర్టీ లినెన్ అంటే రక్తం మరకల దుప్పట్లు, డర్టీ డ్రెస్సింగ్ అంటే చీము పట్టిన కట్టు. ఆ మాట కనబడితే ముందు చేతులు కడుక్కోవాలి, ఆనక దాన్ని కడగాలి. లోపలి కవరు చింపితే నిజంగానే బియ్యం నిండా గోధుమరంగు దుమ్ము, నల్లటి నలుసులు, ఎండాకుల తునకలు! అమెరికాలో కూడా రేషను బియ్యం ఇలాగే ఏడుస్తాయి కాబోలు, కాకపోతే పాపం ముందే మురికివి అని అచ్చువేసి అమ్ముతున్నారు, ఎంత నిజాయితీ అనుకున్నాను. నవ్వకండి, నిజంగానే అనుకున్నాను.

గిన్నెలో పోసి, చిన్నప్పుడు మా అమ్మ నేర్పినట్టు అరచేత్తో మెత్తగా రుద్ది మొదటి నీళ్ళు వంచితే ఎర్రగా పోయాయి. రెండో నీళ్ళు, మూడో నీళ్ళు. నాలుగో నీళ్ళకి తేటగా వచ్చి బియ్యం తెల్లగా మెరిశాయి. తృప్తిగా చేతులు తుడుచుకుని, అప్పుడు, అంతా అయిపోయాక, పెట్టె వెనక ఏం రాసుందో చదివాను. బియ్యంలోనే మసాలా కలిపి ఉంది, కడగవద్దు అని మొదటి వరసలోనే ఉంది.

అలమరంతా వెతికాను, ఇంకో పెట్టె లేదు; ఎవరో అంత దూరం నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చిన ఆఖరి పెట్టె అది, దాని ప్రాణమంతా నేను సింకులో పోసేశాను. ఏం చెయ్యను? ఆదివారం ఆరాధన అయి ఇంటికి రాగానే మా అమ్మ కార్జం, కందనకాయలు మిరియాలతో వేయించే పద్ధతి ఒకటుంది, నాకు తెలిసిన కార్జం వంట అదొక్కటే. ఉల్లిపాయ నల్లబడేదాకా వేయించి, వెల్లుల్లి పొట్టుతోనే చితక్కొట్టి, కార్జం సన్నగా తరిగి అడుగంటేదాకా మాడ్చి, ఆ మాడు గీకి మళ్ళీ అందులోనే కలిపి, దండిగా మిరియాల పొడి, రెండు ఎండుమిరపకాయలు, చివర్లో ధనియాల పొడి. పసుపూ కరివేపాకూ వెయ్యబోయి, రంగుకీ వాసనకీ దొరికిపోతానని ఆగిపోయాను. కడిగిన బియ్యం అందులో పోసి, నీళ్ళు పోసి, మూతపెట్టి, ప్రభువా ఈ ఒక్కసారికి గట్టెక్కించు అని ప్రార్థన చేస్తూ స్టవ్వు ముందే నిలబడ్డాను. మూత తీస్తే కార్జం మాడు రంగు పట్టి, అన్నం అచ్చు పెట్టె మీది బొమ్మలాగే ఉంది.

మేడమ్ కిందికి దిగి, ఒక చెంచా నోట్లో పెట్టుకుని, చెంచా కంచంలో పెట్టేసింది. అయిపోయింది నా పని అనుకున్నాను. చూస్తే ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలుతున్నాయి. మామా అంది. అంటే వాళ్ళమ్మ. ఆవిడ పోయి అప్పటికి ఏడాది. ఈవిడ రెండు విమానాలు మారి వెళ్ళేసరికి సమాధి కూడా అయిపోయిందట, ఆ సంగతి ఆ రోజే చెప్పింది. ఇదే పెట్టెతో నేను ఎన్నిసార్లు చేశానో, ఒక్కసారి కూడా అమ్మ చేసినట్టు రాలేదు, నువ్వెలా చేశావు అని నా చెయ్యి పట్టుకుని అడిగింది. అప్పుడే చెప్పేసి ఉంటే ఒక్క వాక్యంతో పోయేది. కాని పాస్‌పోర్టు బీరువాలో పెట్టి పరాయి ఇంట్లో రెండు వారాలు కాని దాన్ని, ఎదుటి మనిషి అంతలా ఏడుస్తుంటే, మీ బియ్యం మురికనుకుని కడిగేశానమ్మా అని ఏ నోటితో చెప్పను? "సేమ్ ప్యాకెట్ మేడమ్. ఫాలో ప్యాకెట్," అన్నాను.

ఇక చూడండి నా అవస్థ. అమెరికా నుంచి ఎవరు వచ్చినా డజను పెట్టెలు తెచ్చేవారు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం డర్టీ రైస్, దానికి సారు స్నేహితులూ వాళ్ళ భార్యలూ. నా చర్చి కూడా శుక్రవారం పొద్దున్నే కదా, అది పోయింది. సాయంత్రం ఆరాధనకి మాత్రం అన్నయ్య కారులో దింపేవాడు. వచ్చిన ఆడవాళ్ళు ఇదెలా చేస్తారని అడిగితే మేడమ్ లోపల్నుంచి ఖాళీ పెట్టె తెచ్చి చూపించేది, వెనక రాసినట్టు చెయ్యండి, అంతే, చాలా తేలిక అని. వాళ్ళు ఇంటికి వెళ్ళి చేసుకుని, మాకలా రావడం లేదే అంటే, అది మా మనిషి చేతి మహిమ అని పొంగిపోయేది. నేను వంటింటి తలుపు వేసుకుని, కడుగుడు చప్పుడు వినబడకుండా పంపు పూర్తిగా తిప్పి, నాలుగు నీళ్ళు వంచేదాన్ని. రెండున్నరేళ్ళు, ప్రతి శుక్రవారం, దొంగలాగా బియ్యం కడిగిన దాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను ఈ భూమ్మీద.

మేడమ్ సంగతి కూడా చెప్పాలి. ఆవిడ వాళ్ళ ఊళ్ళో బడిలో పాఠాలు చెప్పేదట. ఇక్కడ ఆవిడ రెసిడెన్సు కార్డు మీద భార్య అని ఉంది, ఉద్యోగం చెయ్యకూడదు అని కూడా ఉంది. సారు పొద్దున్న ఆరింటికి వెళ్ళిపోతారు, కొన్ని వారాలైతే ఎడారిలో సైటు దగ్గరే. ఆవిడ తెరలు దించుకుని, ఒక గది నుంచి ఇంకో గదికి తిరుగుతూ, ఏదీ తినకుండా, తిన్నది అరగకుండా చిక్కిపోతూ ఉండేది. వారమంతటికీ కడుపు నిండా తినేది ఆ శుక్రవారం అన్నమే. మా ఆవిడ నిలబడి తిరుగుతోందంటే నీ చలవే అని సారు వంటింట్లోకి వచ్చి మరీ చెప్పారొకసారి. సంతోషించాను, ఏం లాభం? ఆ మాట నా కాళ్ళకి సంకెలని తెలియదు కదా అప్పటికి.

చర్చిలో నాకొక అక్క దొరికింది, భీమవరం వైపు మనిషి, ఇక్కడ స్టాఫు నర్సు. నిజ్వాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సులు కావాలని ఆవిడే చెప్పింది. సారూ మేడమూ వానలు చూడటానికి సలాలా వెళ్ళిన నాలుగు రోజుల్లో బస్సెక్కి ఆ కొండల మధ్య దారిలో నిజ్వా వెళ్ళొచ్చాను. మేట్రన్ నన్ను ఒక పేషెంటు దగ్గరికి తీసుకెళ్ళి ఐవీ లైను పెట్టమంది. రెండున్నరేళ్ళుగా ఉల్లిపాయలు తరిగిన చెయ్యి ముందు కాస్త తడుముకుంది, తర్వాత నరం దొరికింది. ఆ నరం దొరికినప్పటి ఆనందం నేను మీకు చెప్పలేను. ఉద్యోగం నీదే, కాని నెలాఖరులోగా నీ సారు దగ్గర్నుంచి రిలీజు కాగితం తేవాలి, తేకపోతే ఇంకొకరిని తీసుకుంటాం అన్నారు.

మన తరం వాళ్ళకి ఆ కాగితం గురించి చెప్పక్కర్లేదు. ఈ మనిషి వేరేచోట పనిచేయడానికి మాకు అభ్యంతరం లేదు అని ఒక్క వాక్యం, కింద ఒక సంతకం. దానికోసం కాళ్ళు పట్టుకున్న వాళ్ళని చూశాం. తిరుగు దారిలో బస్టాండు నుంచి ఇంటికి దింపుతూ అన్నయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. "గా కాయిదం లేకుంటె యాడికి పోతవ్ చెల్లె? ఇండియకు పోయి రెండేండ్లు కూసోవాలె, మల్ల రావాలె." రెండేళ్ళు కూర్చుంటే అయిదేళ్ళ గ్యాపు, అయిదేళ్ళు సిరంజి ముట్టుకోని నర్సుని ఎవరు తీసుకుంటారు? అంటే సారు సంతకం పెడితే నర్సుని, పెట్టకపోతే చచ్చేదాకా వంటమనిషిని. వంటపని తక్కువని కాదు నేననేది. నేను నేర్చుకున్నది అది కాదు, అంతే.

అడిగాను. సారు మంచి మనిషి, చాలా సంతోషం అన్నారు. అంటూనే, ఇప్పుడు కాదు, ఒక ఆరునెలలు ఆగు, మీ మేడమ్‌ని చూస్తున్నావుగా అన్నారు. నెలాఖరు దాటితే పోస్టు పోతుంది సార్ అంటే, ఇంకొకటి వస్తుంది, నీలాంటి మంచి నర్సుకి ఎక్కడైనా ఉద్యోగమే అన్నారు. మేడమ్ అయితే ఏడ్చేసింది. నువ్వు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాకెవరున్నారు అంది. ఎంత కోపం వచ్చిందో నాకు! తిట్టే మనిషైతే తిరిగి తిట్టొచ్చు, ఏడ్చే మనిషిని ఏం చెయ్యను? గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, పెట్టె అడుగు నుంచి తెల్లబూట్లు తీసి తొడుక్కుని, మంచం నుంచి తలుపుదాకా, తలుపు నుంచి మంచందాకా నడిచాను. ఆరడుగుల పొడవుంది ఆ జాగా. ఎన్నిసార్లు నడిచానో నాకే తెలియదు.

అక్కకి చెబితే అక్క నెత్తి కొట్టుకుంది. "ఏంటే నీ గోల? నీ చేతివంట తిండానికి మరిగారు గనకే వదల్టం లేదు నిన్ను. వంట తగలెయ్యవే మొద్దూ, ఇంత ఉప్పు గుమ్మరించు, ఆళ్ళే పొమ్మంటారు!" ఉపాయం బాగానే ఉంది, కాని తెలిసి తెలిసి అన్నంలో ఉప్పు గుమ్మరించడానికి నా చెయ్యి రాలేదు. ఆలోచిస్తే తట్టింది, అసలు ఉప్పెందుకు? పెట్టె వెనక రాసినట్టు చేస్తే చాలదా! ఆ శుక్రవారం జీవితంలో మొదటిసారి నేను డర్టీ రైస్ కడక్కుండా, అమ్మ మిరియాలు వెయ్యకుండా, గడియారం చూసుకుని, కొలత కొలుచుకుని, అక్షరం పొల్లుపోకుండా వండాను. ఉప్పగా, ఎండు వెల్లుల్లి పొడి వాసనతో, అచ్చం అట్టపెట్టెలాగే ఉంది. అతిథులు మర్యాదకి రెండు చెంచాలు తిని మంచినీళ్ళు తాగారు. మేడమ్ మాత్రం తల ఎత్తకుండా కంచం ఖాళీ చేసింది.

అందరూ వెళ్ళాక వంటింట్లోకి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. నన్ను తిడుతుందని, పొమ్మంటుందని, గుండె రాయి చేసుకుని నిలబడ్డాను. నా ఏడుపుతో నీ మనసు కష్టపెట్టాను, అందుకే నీ చెయ్యి ఇవాళ పనిచెయ్యలేదు, తప్పు నాది అంది ఆ పిచ్చి తల్లి. ఆ వారమంతా కాఫీ తప్ప ఏమీ ముట్టలేదు. సారు నన్ను చూసే చూపులో ఇప్పుడు బతిమాలుకోవడం కూడా చేరింది. బాగా వండితే బాగా వండుతుందని వదలరు, పాడుచేస్తే పాపం బాధలో ఉందని వదలరు. కక్కలేక మింగలేక తిరుగుతున్నాను. నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులుంది.

ఆ రోజు పొద్దున్న సారు వెళ్ళగానే, మేడమ్ ఒక్కసారి వంటింట్లోకి రండి అని పిలిచాను. ఆవిడ కళ్ళముందే పెట్టె చింపి, గిన్నెలో పోసి, పంపు తిప్పి, చెయ్యి పెట్టి రుద్దాను. నో నో అని ఆవిడ ముందుకి వచ్చింది, ఆగమన్నాను. మొదటి నీళ్ళు ఇంకో గిన్నెలోకి వంచి పక్కన పెట్టి, రెండో నీళ్ళు, మూడో నీళ్ళు, నాలుగో నీళ్ళు వంచాను. తెల్లబియ్యం చూపించాను. ఇలాగే మేడమ్, మొదటిరోజు నుంచీ ఇలాగే, డర్టీ అంటే మురికనుకున్నాను, తర్వాత చెప్పలేకపోయాను, మీ మసాలా ఒక్కరోజు కూడా మీ నోట్లోకి పోలేదు, మొన్న బాగాలేదే, అదొక్కటే మీ అసలైన ప్యాకెట్ అని, వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని చెప్పేశాను. ఆవిడ పక్కన పెట్టిన ఎర్రనీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుని ఆ రుచి చప్పరించింది. "మరి ఇన్నాళ్ళూ నేను తిన్నది ఎవరి అమ్మ వంట?" అంది.

"మా అమ్మది మేడమ్," అన్నాను.

ఆవిడ పంపు కట్టేసి, గిన్నె గట్టు మీద పెట్టి, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. ఆ రోజూ మర్నాడూ కిందికి రాలేదు. కాఫీ ట్రే గుమ్మంలో పెడితే తీసుకునేది, ట్రే బయట పెట్టేది, ముఖం చూపించలేదు. మూడోనాడు సాయంత్రం సారు కవరొకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. లోపల నా పాస్‌పోర్టు, రిలీజు కాగితం. మా ఆవిడే టైపు చేసింది, నేను సంతకం పెట్టానంతే అన్నారు. మేడమ్‌కి ఒకసారి చెప్పి వెళ్తానంటే, వద్దులే, తను పడుకుంది అన్నారు. అన్నయ్య కారులో నిజ్వా వచ్చేశాను. విల్లా గేటు దాటుతూ వెనక్కి తిరిగి చూస్తే పై గది తెరలు దించే ఉన్నాయి.

దాచడమెందుకు, ఆ కొత్తలో నాకు ఆవిడ గుర్తు కూడా రాలేదు. యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వార్డులో అడుగుపెట్టిన రోజు, పెద్దాయన ఒకరు సిస్టర్ అని పిలిచారు, ఆ పిలుపుకి కాళ్ళు నేల మీద ఆనలేదు నాకు. ఏడాది తర్వాత అన్నయ్య కనబడినప్పుడు అడిగితే, శుక్రవారం భోజనాలు ఎప్పుడో ఆగిపోయాయన్నాడు. పెట్టెలన్నీ మేడమ్ ఆయనకే ఇచ్చేసిందట, రూములో మనవాళ్ళంతా వండుకుని తిన్నారట. "మంచిగనే ఉండెగని ఉప్పు జర ఎక్కువైంది చెల్లె," అన్నాడు. కొత్త వంటమనిషి వచ్చి మానేసిందనీ, ఇంకొకామె వచ్చిందనీ చెప్పాడు. సారు కంపెనీ కాంట్రాక్టు ఇంకో ఆరేళ్ళు నడిచింది, ఆరేళ్ళూ వాళ్ళు ఆ విల్లాలోనే ఉన్నారు. మస్కట్ వెళ్ళినప్పుడల్లా అజైబాకి వెళ్ళొద్దామనుకునేదాన్ని, ఏదో ఒక పని అడ్డం వచ్చినట్టు నాకు నేనే చెప్పుకుని మళ్ళీ బస్సెక్కేదాన్ని.

ఇప్పుడు ఆ కాగితం అక్కర్లేదు. రూలు మారిపోయింది. ఈ తణుకు పిల్ల ఉంది చూశారూ, ఇక్కడ కాంట్రాక్టు అవగానే సొహార్ వెళ్ళిపోతానండీ ఆంటీ, అక్కడ మా ఫ్రెండున్నాది అంటుంది, పక్కింటికి పెరుగు కోసం వెళ్ళొస్తానన్నంత తేలిగ్గా. పాస్‌పోర్టు దాని హ్యాండుబ్యాగులోనే, లిప్‌స్టిక్కు పక్కనే ఉంటుంది. వెళ్ళవే తల్లీ, ఎక్కడ బాగుంటే అక్కడికి వెళ్ళు అంటాను, మనస్ఫూర్తిగానే అంటాను. మన రోజులు మళ్ళీ ఎవరికీ రాకూడదు. అయినా దాని వెనకాల నిలబడి చూస్తుంటే ఒక మాట మనసుని కెలుకుతుంది. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బందీని నేనొక్కదాన్నే అనుకున్నాను. నాకు కావలసిన కాగితం ఒకటుంది, అది రాసివ్వగల మనిషి ఒకరున్నారు, రాసిచ్చింది, బయటపడ్డాను. ఆ మేడమ్‌కి రాసివ్వడానికి ఎవరున్నారు? వాళ్ళమ్మ చేతి రుచి అనుకుని వారానికొక పూట ఆవిడ ఆ ఇల్లు దాటి వెళ్ళొచ్చేది. ఆ ఒక్క దారీ నేనే మూసేసి, నా దారి తెరుచుకున్నాను. ఇదంతా ఆ రోజే తట్టి ఉంటే ఆగిపోయేదానివా అని ఇప్పుడు నన్ను నేనే అడుగుతుంటాను. లేదు, ఆగేదాన్ని కాదు.